డెమో క్లాసుల అక్క

ఇవాళ మధ్యాహ్నం సగం అన్నంలో లేచి చెయ్యి కడుక్కున్నాను. అమీర్‌పేటలో నేను ఒకప్పుడున్న లేడీస్ హాస్టల్ నుంచి ఫోను. చేసింది హాస్టల్ అక్క మేనల్లుడు. అక్క పోయి రెండు వారాలు దాటింది. దినాలన్నీ అయిపోయాయని, ఇల్లు సర్దుతున్నానని, పాత అమ్మాయిలు వదిలేసిన సామాను ఏమైనా ఉంటే వచ్చి చూసుకోమని అందరికీ ఫోన్లు చేస్తున్నాడు. ట్రంకు పెట్టెలు, బకెట్లు, ఎవరిదో ఇస్త్రీ పెట్టె, అన్నీ వల్లించి చివరికి మామూలుగా ఇంకో మాట అన్నాడు.

"హాల్ల పాత కంప్యూటర్ ఉండె గదక్కా, గది పొద్దుగాల సెకండ్ హ్యాండ్ షాపోనికి ఇచ్చిన. ఉత్తగ జాగ తింటుండె."

"ఇచ్చేశావా? ఎవర్నడిగి ఇచ్చావు?"

"ఎవర్నడగాలె అక్కా? నీదా?"

నాది కాదు. అందులో ఉన్నవాటిలో కొన్ని నావి. ఇరవై మూడేళ్ల వయసులో నేను రాసుకున్న మాటలు, ఇవాళ్టికీ నా మొగుడికి కూడా చూపించని మాటలు ఆ డబ్బాలో ఉన్నాయి. షాపువాడికి దాన్ని ముట్టుకోవద్దని చెప్పు, నేను వస్తున్నాను అని ఫోను పెట్టేశాను.

పాస్‌వర్డ్ పెట్టుకోలేదా అంటారేమో. పెట్టుకున్నాను, కొన్నాళ్లు. పెట్టుకున్నా ఒకటే, లేకపోయినా ఒకటే. ఇన్నేళ్లుగా కంప్యూటర్ల మీదే బతుకుతున్నదాన్ని, ఆ మాత్రం తెలుసు. ఇంట్లో కంప్యూటర్ తెరవగానే అడిగే పాస్‌వర్డ్ దాని ఎదురుగా కూర్చున్న మనిషినే అడుగుతుంది. డబ్బా విప్పి, లోపలున్న డిస్కు ఊడదీసి, ఇంకో కంప్యూటర్‌కి తగిలించుకున్నవాణ్ణి ఏమీ అడగదు. వాడు తాపీగా అన్నీ చదువుకోవచ్చు. సెకండ్ హ్యాండ్ షాపువాడు మొట్టమొదట చేసే పని అదే, డిస్కు తీసి పని చేస్తోందో లేదో చూస్తాడు.

మేం ఉండేది పంజాగుట్టలో. అమీర్‌పేటకి మెట్రోలో ఒక్క స్టేషను. ప్లాట్‌ఫారం మీదికి వెళ్లాక బోర్డు చూస్తే బండికి ఇంకా టైముంది. ఆ కాసేపు నిలబడలేక మళ్లీ మెట్లు దిగి నడవడం మొదలుపెట్టాను. బుద్ధి తక్కువ పని అని తెలుస్తూనే ఉంది. ఎండ, హారన్లు, ఫుట్‌పాత్ మీద బండ్లు, ఒకడు నా కాలు తొక్కి సారీ కూడా చెప్పలేదు. కాలు కాలిన పిల్లిలా అలా పోతూ ఉంటే, అక్క గుర్తుకు రాక ఎవరు గుర్తుకొస్తారు? ఆవిడ నడకే అంత.

ఆవిడ కూర్చోగా నేను చూసింది ఒక్కసారే. పొడుగ్గా, బక్కగా ఉండేది. కంచం చేత్తో పట్టుకుని వరండాలో ఈ చివర నుంచి ఆ చివరికి తిరుగుతూ తినేది. సీరియల్ చూడాలన్నా గుమ్మంలో నిలబడే. "జరసేపు కూసో అక్కా" అంటే, "కూసుంటే లెవ్వబుద్ధి గాదు బిడ్డ" అని ఇంకో చుట్టు చుట్టి వచ్చేది. మా నలుగురి గదికి ఆవిడ వస్తున్నట్టు చెప్పుల చప్పుడు ముందే తెలిసేది. అయినా గుమ్మానికి అవతలే ఆగి, తలుపు బార్లా తీసి ఉన్నా సరే, "వస్తున్న" అని కేకేసేది. ఎవరో ఒకరు రమ్మనేదాకా లోపల అడుగు పెట్టేది కాదు. చుట్టుపక్కల హాస్టళ్లలో ఓనర్లు పక్కల కింద కూడా వెతికేవారని మా క్లాసు అమ్మాయిలు చెప్పుకుని ఏడ్చేవాళ్లు. మా అక్క మాత్రం ఒకసారి మా బాత్రూంలో గీజరు కాలిపోయి గదంతా పొగ కమ్మితే, నీళ్ల బకెట్టు చేత పట్టుకుని బయట నిలబడి అడిగింది.

"పొగ వస్తుంది బిడ్డ. లోపటికి రావాల్నా?"

నవ్వాలో దగ్గాలో తెలియలేదు మాకు.

ఆవిడకున్న పిచ్చి ఒకటే, డెమో క్లాసులు. అమీర్‌పేట పద్ధతి తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. ఇక్కడ ఏ కోర్సుకైనా కొత్త బ్యాచ్ మొదలైతే మొదటి మూడు రోజులు ఎవరైనా వచ్చి ఊరికే కూర్చోవచ్చు. దాన్ని డెమో అంటారు. నచ్చితే నాలుగో రోజు నుంచి ఫీజు కట్టి చేరతారు. అక్క ఇంటి పనులు తెమిలాక గంజి పెట్టిన చీర కట్టుకుని, భుజాన సంచీ తగిలించుకుని బయల్దేరేది. ఏ గోడ మీద కొత్త బ్యాచ్ కాగితం కనబడితే అక్కడికి. డేటాబేసులు, టెస్టింగ్, నెట్‌వర్కింగ్, స్పోకెన్ ఇంగ్లీషు, ఆవిడకి అన్నీ ఒకటే. వెనక గోడకి ఆనుకుని నిలబడి మూడు రోజులూ శ్రద్ధగా వినేది. నాలుగో రోజు కౌంటర్లో అమ్మాయి, "జాయిన్ అవుతారా మేడమ్" అని అడిగితే, "మా ఆయన్ని అడిగి చెప్త" అనేది. ఆయన పోయి అప్పటికి ఎన్నో ఏళ్లు.

అలా ఆవిడకి ప్రపంచంలో ఉన్న ప్రతి చదువూ మూడు రోజుల మేరకు వచ్చు. "గీ టేబులు, గా టేబులు కలుస్తయ్" అని నాకు వంటింట్లో డేటాబేసు పాఠం చెప్పేది. ఎలా కలుస్తాయక్కా అంటే, "గది నాలుగో దినం చెప్తరు" అనేది. తర్వాత తర్వాత అది ఆవిడ ఊతపదమైపోయింది. నీళ్ల ట్యాంకరు ఎప్పుడొస్తుందక్కా? నాలుగో దినం చెప్తరు. మీకు పిల్లలెందుకు లేరక్కా అని తెలివిలేని ఒక పిల్ల అడిగితే కూడా అదే జవాబు. ఆ పిల్ల నవ్వింది గానీ నాకు నవ్వు రాలేదు.

హాల్లో టీవీ పక్కన ఉన్న కంప్యూటర్ ఆవిడ తమ్ముడి దుకాణం నుంచి వచ్చింది. ఉద్యోగాలకి అప్లై చేసుకుంటారని దాన్ని మాకు వదిలేసింది. ఏదో డెమోలో నేర్చుకున్నానని చెప్పి మా ఒక్కొక్కరికీ తనే ఒక్కో లాగిన్ తయారుచేసింది. అదొక ముహూర్తంలా చేసింది. మమ్మల్ని పిలిచి, పాస్‌వర్డ్ కొట్టమని, తను గోడ వైపు తిరిగి నిలబడేది. "అయిందా? ఇగ గిది నీ తాళం. నాకు సుత తెరవ రాదు. నా మాట." మూడు రోజుల్లో ఆవిడకి చెప్పింది అదే, పాస్‌వర్డ్ తెలియనిదే ఎవరూ లోపలికి పోలేరని. ఆవిడ నమ్మింది. మేం ఆవిడని నమ్మాం.

ఆ రోజుల్లో నాకు ఒంట్లో బాగుండేది కాదు. ఒంట్లో అనడం అలవాటైపోయింది, మనసులో. కాకినాడ వైపు నుంచి టెస్టింగ్ కోర్సుకని వచ్చినదాన్ని, క్లాసులో కూర్చుంటే గుండె దడదడలాడి, చేతులు చల్లబడి, లేచి పారిపోయేదాన్ని. ఎక్కడికీ లేదు, ఊరికే అమీర్‌పేట సందులన్నీ తిరుగుతూ ఉండేదాన్ని. ఎవరికీ చెప్పకుండా ఒకరోజు ఎర్రగడ్డ వెళ్లాను, పిచ్చాసుపత్రికి. ఈ ఊళ్లో ఎవరైనా కాస్త తిక్కగా మాట్లాడితే "ఎర్రగడ్డకి తోలాలె వీణ్ణి" అంటారు. అలాంటి చోటికి నా కాళ్లతో నేనే వెళ్లాను. అక్కడ డాక్టరమ్మ ఓపికగా విని, మందులు రాసి, గుండె దడ వచ్చినప్పుడల్లా ఏమనిపిస్తే అది రాసి తెమ్మంది. నలుగురున్న గదిలో కాగితం మీద ఎక్కడ రాసి ఎక్కడ దాచను? హాల్లో కంప్యూటర్లో రాశాను. అమ్మ మీద నాకున్న కోపం రాశాను. నా మీద నాకున్న అసహ్యం రాశాను. పొద్దున లేవాలని లేదని రాశాను. డాక్టరు తప్ప ఇంకో మనిషి చూస్తారనుకుంటే అందులో ఒక్క ముక్క కూడా రాసేదాన్ని కాదు.

ఒక మంగళవారం మందుల చీటీ పట్టుకుని గేటు బయటికొస్తే ఎదురుగా అక్క. రైతుబజారుకి వచ్చింది, రెండు చేతులా సంచులు. నన్ను చూసింది. నా వెనక గేటు చూసింది. నాకు నేల చీలిపోతే బాగుండుననిపించింది. ఆవిడ దగ్గరికొచ్చి సొరకాయల సంచీ నా చేతికిచ్చింది.

"పట్టు. మస్తు బరువున్నది. ఇద్దరం కూరగాయలకొచ్చినం."

ఇంకేమీ అనలేదు, షేర్ ఆటోలోనూ, ఆ తర్వాతా. ప్రతి మంగళవారం పొద్దున్నే మా గది బయట ఆగి, "వస్తున్న. కూరగాయలకు పోదామా?" అని అడిగేది. నేను డాక్టరు దగ్గర లైన్లో ఉంటే తను బజారు చేసుకుని, గేటు దగ్గర అటూ ఇటూ తిరుగుతూ ఉండేది. హాస్టల్లో అందరూ నేను అక్కకి చెంచానైపోయానని ఆటపట్టించేవాళ్లు. నేను పడేదాన్ని, హాయిగా.

ఇంతలో ఒక ఆదివారం మా అన్నయ్య చెప్పాపెట్టకుండా దిగాడు. వెంట ఒక స్నేహితుడు, అమీర్‌పేటలోనే హార్డ్‌వేర్ కోర్సు పూర్తిచేసినవాడు. అన్నయ్యని తప్పు పట్టను. ఫోనెత్తితే నేను ఏడుస్తున్నాను, అడిగితే చెప్పడం లేదు, చిక్కి సగమయ్యాను. అమ్మ అక్కడ అన్నం మానేసింది. ఎవడో ఉన్నాడనుకున్నాడు. హాల్లో నిలబెట్టి అడిగాడు.

"ఎవడే వాడు? చెప్పు, నేను మాట్లాడతాను."

"ఎవడూ లేడు అన్నయ్యా."

"మరి ఏంటిది? ఏంటి నీ అవతారం?"

ఒక్క క్షణం కంప్యూటర్ వైపు చూశాను. అది వాడు పట్టేశాడు. అందులో ఏముందో తెరవమన్నాడు. నేను తెరవనన్నాను. గొంతులు లేచేసరికి వంటింట్లోంచి అక్క వచ్చింది.

"దానికి తాళం ఉన్నది తమ్మి. గా పిల్ల తెరుస్తెనే తెరుచుకుంటది. నాకు సుత రాదు."

స్నేహితుడు నవ్వాడు. "ఆంటీ, మొదట ఇది ఎవరి పేరు మీద పెట్టారు?"

"నా పేరు మీదనే."

"అయితే మీ లాగిన్ తెరవండి, చాలు."

అక్కకి పౌరుషం వచ్చింది. నేను వద్దనేలోపే, "చూడు మరి, వస్తదేమో" అని తన పాస్‌వర్డ్ కొట్టి పక్కకి తప్పుకుంది. తాళం ఎంత గట్టిదో వాడికి చూపిద్దామని తెరిచింది పిచ్చిది. వాడు మౌసు అందుకుని అక్కడా ఇక్కడా నొక్కాడు. మా అందరి పేర్లూ వరసగా వచ్చాయి. నా పేరు నొక్కితే, చూడాలా అని కంప్యూటర్ ఒక్కసారి మాటవరసకి అడిగింది. వాడు అవునన్నాడు. నేను రాసినవన్నీ బారుగా తెర మీదికొచ్చాయి. పైనున్నదాని పేరు 'డాక్టర్ మేడమ్ కి'.

"నాకు సుత వస్తదా?" అని అక్క మెల్లగా అడిగింది.

"మీకే వస్తుంది ఆంటీ. మీరు దీనికి ఓనరు. వాళ్ల పాస్‌వర్డులు ఒకళ్లవి ఒకళ్లు చూడకుండా ఉండడానికే, మీకు అడ్డం కాదు. మీరు కూడా అక్కర్లేదు, డిస్కు విప్పి మా షాపులో పెడితే నేనే చూస్తాను."

"ఏ డాక్టరు? ఎందుకు?" అన్నయ్య గొంతు మారిపోయింది. "తెరువురా అది."

వాడి వేలు కదిలేలోపు అక్క వంగి గోడలోంచి ప్లగ్గు పీకేసింది. తెర నల్లగా అయిపోయింది. ఆవిడ ప్లాస్టిక్ స్టూలు లాక్కుని, కంప్యూటర్‌కి వీపు ఆనించి, ప్లగ్గు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"అది మా చెల్లెలండి," అన్నాడు అన్నయ్య.

"నీ చెల్లెలే. ఎవరు కాదన్నరు?"

"ఏముందందులో? మీకు తెలుసా?"

"తెల్వది. నేను చూడలే. చూడ. నువ్వు సుత చూడవు."

"పోలీసుల్ని పిలుస్తాను."

"పిలువు. వచ్చేదాంక నేను గీడనే కూసుంట."

కూర్చుంది కూడా. ఆదివారం చికెన్ వండే రోజు, అమ్మాయిలు వచ్చి ఆవిడని అలా చూసి, వాళ్లకి వాళ్లే వడ్డించుకున్నారు. స్నేహితుడు పనుందని చెప్పి జారుకున్నాడు. అన్నయ్య కిటికీ దగ్గర నిలబడ్డాడు. చాలాసేపటికి అక్కే మాట కలిపింది, ఈసారి గొంతు తగ్గించి.

"తమ్మీ, నీకు తెల్సుకోవాలనుంటే గీ డబ్బానెందుకు అడుగుతవ్? నీ చెల్లె గీడనే నిలబడ్డది. అడుగు. చెప్తే విను. చెప్పకుంటే ఇంత తిని పో."

అన్నయ్య నా వైపు తిరిగాడు. అంతకుముందులా అడగలేదు. "ఏమైందిరా?" అన్నాడు, చిన్నప్పుడు నేను పడితే అడిగినట్టు. అప్పుడు చెప్పాను. ఎర్రగడ్డ సంగతి, మందుల సంగతి, దడ సంగతి. రాసినవి చెప్పలేదు, అవి చెప్పుకునేవి కావు. వాడు గోడకి ఆనుకుని కళ్లు తుడుచుకున్నాడు. మందులు సరిగ్గా వేసుకుంటున్నావా అని అడిగాడు. అమ్మకి ఎలా చెప్పాలో నేను చూసుకుంటాలే అన్నాడు.

వాడు వెళ్లాక అక్క మా అందర్నీ హాల్లోకి పిలిచింది. చీర కొంగు వేళ్లకి చుట్టుకుంటూ, విప్పుకుంటూ నిలబడింది.

"నేను మీకు తప్పు చెప్పిన బిడ్డ. మీవి నాకు రావన్న. వస్తయ్. నాకు గిప్పుడే ఎరుకైంది. తీసుకునేటోళ్లు తీసుకోండ్రి. ఉంచుకుంటమంటే ఉంచుకోండ్రి. నేను చూడ, ఇంకోన్ని చూడనియ్య. నేనుండంగ గీ డబ్బా గడప దాటదు."

"మీరు చూడరని గ్యారంటీ ఏంటక్కా?" అంది ఒక అమ్మాయి. తప్పేం లేదు, అడగాల్సిందే.

అక్క ఆలోచించింది. "గ్యారంటీ ఏం లేదు బిడ్డ. మాటనే ఉన్నది."

ఒకరిద్దరు తమవి తీసేసుకున్నారు. మర్నాడు నేను నా పాస్‌వర్డ్ తీసేసి, మామూలుగా కూర్చుని రాసుకున్నాను. ఆ తర్వాత చాలా రాశాను, డాక్టరమ్మ మందులు ఆపేసేదాకా. నాకు ఉద్యోగం వచ్చే ముందు ఒకరోజు అది ఆన్ కావడం మానేసింది. బాగు చేయిద్దామని మేమంతా అంటే అక్క ససేమిరా అంది. షాపుకి ఇస్తే వాడు విప్పుతాడు, విప్పితే చూస్తాడు, వద్దంది. మావన్నీ అందులోనే ఉండిపోయాయి. దాని మీద గుడ్డ పరిచి నీళ్ల ఫిల్టరు పెట్టింది. ఎప్పుడు వెళ్లినా అది అక్కడే ఉండేది. ఉంటుందిలే అనుకుని నేనూ ఊరుకున్నాను. అక్క ఉన్నంతకాలం నాకు దాని ఫికరే లేదు. ఆవిడ పోయిందని విన్నరోజు ఏడ్చాను గానీ, డబ్బా సంగతి నా బుర్రకి తట్టనే లేదు.

హాస్టల్ చేరేసరికి జాకెట్టు తడిసి వీపుకి అతుక్కుపోయింది. మేనల్లుడు గుమ్మంలో ఎదురొచ్చాడు. అతని వెనక, హాల్లో నేల మీద, ఆ కంప్యూటర్ డబ్బా.

"వాపస్ ఇచ్చిండక్కా. లోపట డిస్కే లేదంట. ఖాళీ డబ్బా నాకెందుకన్నడు."

లేకపోవడమేంటి, కాజేసి ఉంటాడు. పద, వాడి షాపు చూపించు, నేను మాట్లాడతాను అని అతని చెయ్యి పట్టుకుని లాగాను.

"ఆగక్కా, జర ఆగు. నీ ఫోనైనంక చెప్దామని పోయేసరికి ఆడు గప్పుడే విప్పుతుండె, నా ముంగటనే. నిజంగనే లేదు." అతను ఏదో గుర్తు తెచ్చుకుంటున్నట్టు ఆగాడు. "దవాఖానకు పోయే ముందు దినం అత్తమ్మ స్క్రూడ్రైవర్ అడిగింది. జరసేపైనంక సుత్తె అడిగింది. ఇచ్చి నేను బజారుకు పోయిన. వచ్చేసరికి మిద్దె మీద ఒకటే చప్పుడు."

"మిద్దె మీదా?"

"అవునక్కా. గుండె బాగలేదు, ఒక్క మెట్టు సుత ఎక్కద్దని చెప్పిండు డాక్టరు. నాలుగంతస్తులు ఎక్కింది."

పైకి వెళ్లాం. నీళ్ల ట్యాంకు పక్కన బట్టలుతికే బండ మీద సుత్తి దెబ్బల గుంటలు పడి ఉన్నాయి. బండ చుట్టూ, పిట్టగోడ వారనా మెరిసే ముక్కలు. వంగి ఒకటి తీశాను. గోరంత కూడా లేదు.

"మస్తు తిట్టిన అక్కా ఆ దినం," అన్నాడతను. "పానం మీదికి తెచ్చుకునేటంత ఏమున్నదత్తమ్మా అండ్ల అన్న. ఆయాసంతోని మాట వస్తలేదు. నాకేం తెల్సుర, నేను చూసిన్నా, అన్నది."

నేను అక్కడే బండ మీద కూలబడి గట్టిగా ఏడ్చాను. అతను కంగారుపడి మంచినీళ్లు తేవడానికి కిందికి పరిగెత్తాడు.